డాక్టరు గారు వేషం కట్టిన కాలం

ఒకప్పుడు తెలుగునాట పద్యనాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడి కూసే వేళకు గానీ ముగిసేది కాదు. రాగం తీసిన పద్యానికల్లా వన్స్‌మోర్ పడితే ఇంకా ఆలస్యమయ్యేది. చూసినవాళ్లు ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకోవచ్చు. వేషం కట్టినవాళ్లలో కొందరికి ఆ వెసులుబాటు లేదు. ముఖాన రంగు కడుక్కుని, కాఫీ తాగి, కోర్టుకో బడికో బయల్దేరాలి. వాళ్లలో డాక్టరున్నాడంటే ఆయన పని మరీ కష్టం. రాత్రంతా రాజుగా నిలబడ్డ మనిషి పొద్దున్నే ఇంకొకరి నాడి పట్టుకుని కూర్చోవాలి.

ఆ కష్టాన్ని ఇష్టంగా మోసిన వైద్యులు తెలుగు నాటకానికీ సినిమాకీ చేసింది తక్కువేమీ కాదు. వాళ్ల కథల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. రెండు పనులూ సాగాయా, ఒకటి ఆగిపోయిందా అన్నది మనిషి పట్టుదల మీద ఆధారపడినంతగా నాటకం ఏ వేళ ఆడేవారు, సినిమా ఏ ఊళ్లో తీసేవారు అన్నదాని మీద కూడా ఆధారపడింది.

తెలుగు రంగస్థలం మొదటినుంచీ రెండు కాళ్ల మీద నడిచింది. ఒకవైపు నాటకమే తిండి, నాటకమే కాపురంగా బతికినవాళ్లు. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఒరవడిలో కుటుంబాలకు కుటుంబాలే సమాజాలుగా మారి ఊరూరా తిరిగాయి. మరోవైపు, పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ రాత్రి వేషం కట్టిన ఔత్సాహికులు. ఈ రెండో వర్గంలో వకీళ్లు దండిగా కనిపిస్తారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు, కోలాచలం శ్రీనివాసరావు వకీలు. బళ్లారి రాఘవ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. ఏలూరు వైపు బందా కనకలింగేశ్వరరావు కూడా న్యాయవాదే. వాళ్లకు గొంతే పెట్టుబడి. కోర్టుకు వేసవి సెలవులుంటాయి, అవసరమైతే కేసుకు వాయిదా అడగొచ్చు.

జ్వరం వాయిదా ఒప్పుకోదు. పురుటి నొప్పులు సెలవుల దాకా ఆగవు. అందుకే వకీళ్లు అంతమంది కనిపించే చోట వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు.

పైగా అప్పట్లో ఇంగ్లీషు వైద్యం తెలిసినవాళ్లే అరుదు. హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లోనే వచ్చినా, కోస్తాలో విశాఖపట్నం మెడికల్ స్కూలు 1902లో గానీ మొదలు కాలేదు. అది కళాశాల అయ్యేసరికి 1923 వచ్చింది. గుంటూరుకు వైద్య కళాశాల 1946లో వచ్చింది. ఓ మోస్తరు పట్నంలో కూడా చదువుకున్న డాక్టరు ఒకరో ఇద్దరో ఉండేవారు. ఆయన ఊళ్లో లేకపోతే కాంపౌండరు మిక్చరు కలిపి, సీసా మీద మోతాదు గుర్తులకు కాగితం పట్టీ అతికించి పంపగలడు. అంతకు మించిన జబ్బయితే డాక్టరు గారు రావలసిందే. అలాంటి మనిషి పరుచూరు నాటకానికో బందరు నాటకానికో బండెక్కాడంటే, ఆ రాత్రికి తన ఊరిని దేవుడి మీద వదిలేసి వెళ్లినట్టే.

ఈ పరిస్థితుల్లోనే డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు వెలిగారు. 1895లో పుట్టిన ఆయన తెనాలిలో వైద్యం చేశారు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని ముద్దుగా పిలుచుకునే రోజులవి. రామవిలాస సభ నాటకాలతో ఊరు మార్మోగేది. స్త్రీ పాత్రల్లో స్థానం నరసింహారావు, గంభీరమైన పౌరాణిక పాత్రల్లో మాధవపెద్ది వెంకట్రామయ్య అక్కడ వేషం కట్టినవాళ్లే. ఊరే ఒక నాటకశాలగా ఉన్నచోట డాక్టరుకు రెండు జీవితాలూ ఒక్క వీధిలో దొరికాయి. వైద్యశాల తలుపు మూసి నడిచి వెళితే రిహార్సలు. ఈ సౌలభ్యం లేకపోతే గోవిందరాజుల వంటి నటుడు మనకు దక్కేవాడా అన్నది అనుమానమే.

సినిమా ఆయన దగ్గరికి నలభై దాటాక వచ్చింది. అదీ చిన్న సినిమాతో కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన ‘మాలపిల్ల’. హరిజనులకు గుడి తలుపులు తెరవాలా వద్దా అన్న వాదం దేశమంతా రగులుతున్న సమయంలో, గుడి ధర్మకర్త కొడుకు మాలపిల్లను ప్రేమించే కథ అది. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. కథానాయిక కాంచనమాల. ఆ ధర్మకర్త సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల నటించారు. ఛాందసుణ్ణి దుర్మార్గుడిగా చూపించడం తేలిక. నమ్మినదాన్ని వదలలేక నలిగి, చివరికి మనసు మార్చుకునే మనిషిగా నిలబెట్టడమే కష్టం. ఆయన ఆ కష్టమైన దారే పట్టారు. శాస్త్రి మారడం ప్రేక్షకులు నమ్మకపోతే ఆ సినిమా చెప్పదలచుకున్న మాటే వృథా అయ్యేది.

1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో ఆయన బ్రహ్మనాయుడు. అన్ని కులాలనూ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడు! మాలపిల్లలో గుడి తలుపు మూసినవాడు, పల్నాటి యుద్ధంలో చాపకూడు పెట్టినవాడు. రెండూ ఒకే మనిషి ముఖం. రామబ్రహ్మం మధ్యలోనే కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ ఆ చిత్రాన్ని పూర్తి చేశారు. ఎదుట నాగమ్మగా కన్నాంబ.

తరువాత వరుసగా మూడు పాత్రలు ఆయన్ని తెలుగువాళ్ల జ్ఞాపకంలో పదిలం చేశాయి. 1949లో కె.వి.రెడ్డి ‘గుణసుందరి కథ’లో ఉగ్రసేన మహారాజు, 1950లో విజయా సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’లో చెంగయ్య, 1955లో పి.పుల్లయ్య ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు. మూడు పాత్రలూ వయసు మళ్లినవే, మొండివే. కానీ ఒకరి ముసలితనం ఇంకొకరిలో కనపడదు. ఉగ్రసేనుడిది అధికారం కోల్పోయిన ముసలితనం. చెంగయ్యది పరువు పోతుందన్న భయంతో బిగుసుకుపోయిన ముసలితనం. లుబ్ధావధాన్లుది డబ్బు, పిసినారితనం, పెళ్లి యావ, దయ్యాల భయం కలగలిసిన ముసలితనం. రోజూ పాతికమంది వృద్ధులు ఎదుట కూర్చుని తమ నొప్పులు చెప్పుకునే చోట బతికిన మనిషికి, నడుము ఎలా వంగుతుందో, దగ్గు ఎక్కడ మాట మింగేస్తుందో ఎవరూ నేర్పక్కర్లేదు. వైద్యం ఆయన సమయాన్ని తినేసిన మాట నిజం. నటనకు మాత్రం మేతే వేసింది.

‘గుణసుందరి కథ’ షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ ఛాయల్లో అల్లుకున్న జానపదం. ముగ్గురు కూతుళ్లలో నిజం చెప్పిన చిన్నపిల్లను దూరం చేసుకున్న రాజు మంచం పడతాడు. ఏ వైద్యానికీ లొంగని ఆ జబ్బుకు మహేంద్రమణి ఒక్కటే మందు. తెనాలి డాక్టరు తన వృత్తి చేతులెత్తేసిన రోగిగా తెర మీద పడుకున్నారు. ఈ లియర్ సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

సినిమా తీసేచోటు అప్పటికి బొంబాయి, కలకత్తాలు దాటి మద్రాసులో స్థిరపడింది. కలకత్తా-మద్రాసు రైలు మార్గం మీదే తెనాలి ఉండడం గోవిందరాజుల అదృష్టమనే చెప్పాలి. అయినా నాటకానికీ సినిమాకీ మధ్య తేడా అక్కడే మొదలైంది. నాటకం డాక్టరు రాత్రిని మాత్రమే అడిగింది. సినిమా పగటినీ అడిగింది. అదీ వరుసగా, వందల మైళ్ల అవతల, కాల్షీట్ల లెక్కన. ఆ తేడాను ఏ పట్టుదలా పూడ్చలేదు. 1959లో ఆయన కన్నుమూసేనాటికి, ఊళ్లో వైద్యం చేసుకుంటూ నటుడిగా బతికే పాత పద్ధతి దాదాపుగా అంతరించింది.

గోవిందరాజులకు ఇరవై ఏళ్లు చిన్నవాడు మరో డాక్టరు. రాజమండ్రిలో 1915లో పుట్టిన గరికపాటి రాజారావు. ఆయన కథలో వృత్తీ నటనా కాకుండా మూడో బరువు ఒకటుంది, కమ్యూనిస్టు పార్టీ. 1943లో బెంగాలు కరువు, యుద్ధం, జపాను భయం నడుమ బొంబాయిలో ఇప్టా అనే ప్రజానాటక సంఘం పుట్టింది. ఆ ఏడే ఆంధ్రలో ప్రజానాట్యమండలి పుట్టింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో రాజారావు ముందువరుస మనిషి. పద్యాలూ కిరీటాలూ దాటి రైతు భాష, రైతు గోచీ, రైతు కోపం వేదిక ఎక్కాయి. నాజర్ బుర్రకథకు వేలమంది గుమిగూడారు. ఉద్యమ కుటుంబాల స్త్రీలు స్త్రీ పాత్రలు తామే వేశారు. ఇంటి ఆడవాళ్లు రంగు పూసుకుంటే ఊరు చెవులు కొరుక్కునే కాలంలో ఇది చిన్న సాహసం కాదు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ 1947లో తెలంగాణ రైతుల పోరాటాన్ని రంగం మీదికి తెచ్చింది. దళాలు దళాలుగా ఊరూరా ఆడారు. జనం విరగబడ్డారు. చివరికి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ సంవత్సరాల్లో రాజారావు వంటి డాక్టరుకు రోగులు కుదురుగా దొరికే పరిస్థితే లేదు. వైద్యవృత్తికి నమ్మకం కావాలి. నమ్మకానికి డాక్టరు రేపు కూడా అదే చోట ఉంటాడన్న భరోసా కావాలి. పోలీసులు వెతికే నాటక సమాజం నడిపేవాడు ఆ భరోసా ఎలా ఇవ్వగలడు? గోవిందరాజుల రెండు పనులూ ఒకే వీధిలో చేసుకోగలిగారు. రాజారావుకు ఉన్న వీధే చేజారింది.

నిర్బంధం నాటకాన్ని ఆపేశాక ఆయన సినిమా వైపు తిరిగారు. తానే హీరోగా, తానే దర్శకుడిగా 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. సినిమా ఆడలేదు, డబ్బు పోయింది. 1963లో 48 ఏళ్లకే ఆయనా వెళ్లిపోయారు. లెక్కల పుస్తకం చూస్తే ఇది ఓటమి కథే. అయితే ‘పుట్టిల్లు’ పేర్ల పట్టిక తీయండి. కథానాయిక జమున. తెనాలి పక్కనే ఉన్న దుగ్గిరాలలో పెరిగి, ‘మా భూమి’ నాటకంలో నటిస్తుండగా రాజారావు కంట పడిన పిల్ల. హాస్యపాత్రలో అల్లు రామలింగయ్య. ఇద్దరికీ అదే తొలి సినిమా. ఆ ఒక్క చిత్రంలో నుంచి తెలుగు తెరకు ముప్పై ఏళ్ల సత్యభామ, యాభై ఏళ్ల నవ్వు వచ్చాయి. రాజారావుకు రావలసినంత పేరు రాలేదన్న బాధ ఆ రోజుల గురించి చదివే ఎవరికైనా కలుగుతుంది.

అల్లు రామలింగయ్య కథ ఈ చరిత్రలో ఒక చక్కటి మలుపు. పాలకొల్లులో 1922లో పుట్టి ప్రజానాట్యమండలి మీదుగా సినిమాకొచ్చిన ఆయన వెయ్యికి పైగా చిత్రాల్లో నటించారు. సినిమాల నడుమే హోమియో వైద్యం కూడా చేశారు. షూటింగులతో ఊపిరాడని రోజుల్లో కూడా పేదవాళ్లకు ఉచితంగా మందులిచ్చారు. హోమియోను ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. దానికి ఆపరేషన్ థియేటరు అక్కర్లేదు. రోగి చెప్పేది ఓపిగ్గా వినడం, చిన్న చిన్న సీసాల్లోని మాత్రలు చాలు. మేకప్ గదిలోనే వైద్యం సాగుతుంది. సినిమా డాక్టర్లను ఊళ్లనుంచి లాక్కుపోయిన కాలంలో, వైద్యాన్నే సినిమా సెట్లోకి తెచ్చుకోవడం ఆయన కనిపెట్టిన ఉపాయం. 1990లో పద్మశ్రీ వచ్చింది. రాజమండ్రిలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఇప్పుడు డాక్టర్ అల్లు రామలింగయ్య పేరుతోనే ఉంది. ఒక హాస్యనటుడి పేరు వైద్య కళాశాల గుమ్మం మీద ఉండడం మనకు మాత్రమే చెల్లిన గౌరవం.

తెలంగాణ వైపునుంచి వచ్చిన పెద్దపేరు డాక్టర్ ఎం.ప్రభాకరరెడ్డి. నల్గొండ జిల్లా తుంగతుర్తిలో 1935లో పుట్టి, ఉస్మానియాలో ఎం.బి.బి.ఎస్. చదివారు. చదువు పూర్తయిన 1960లోనే గుత్తా రామినీడు దర్శకత్వంలో ‘చివరకు మిగిలేది’తో తెరకెక్కారు. మానసిక రోగులకు సేవచేస్తూ తానే నలిగిపోయే నర్సుగా సావిత్రి నటించిన సినిమా అది. వైద్యశాల వాసన ఇంకా ఒంటిని వదలని కుర్రాడికి ఇంతకంటే తగిన మొదటి అడుగు దొరకదు. అప్పటికి పరిశ్రమ పూర్తిగా మద్రాసులో పాతుకుపోయింది. హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టుకుని మద్రాసులో నటించడం జరిగే పని కాదు. ఆయన నటన వైపు మొగ్గారు. నాలుగు వందలకు పైగా చిత్రాల్లో తండ్రులు, జమీందార్లు, విలన్లు, పోలీసు అధికారులు ఆయన గొంతుతో మాట్లాడారు. కథలూ రాశారు. ‘పండంటి కాపురం’, ‘కార్తీక దీపం’ ఆయన కలంనుంచి వచ్చినవే. 1972 నాటి ‘పండంటి కాపురం’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. అందులో రాణీ మాలినీదేవిగా నటించింది జమున. ఒక డాక్టరు తెరకు పరిచయం చేసిన నటికి, ఇరవై ఏళ్ల తరువాత ఇంకో డాక్టరు అంత బలమైన పాత్ర రాసిపెట్టారు.

ప్రభాకరరెడ్డి రోగులను చూసే పని వదిలినా, సాటి మనిషి బాగోగులు చూసే అలవాటు వదల్లేదు. సినీ కార్మికుల ఇళ్లకోసం మణికొండలో ఆయన ఇచ్చిన భూమి మీద లేచిన కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. లైట్లు మోసేవాళ్లు, వంట చేసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు ఆ చిరునామా రాసుకుంటున్నారు. 1997లో ఆయన పోయారు.

ఇక లియర్ సంగతి. దానికోసం పుణె వెళ్లాలి. భారతదేశంలో డాక్టర్లు రంగస్థలాన్ని ఇంతగా మలిచిన నగరం ఇంకొకటి లేదు. సాతారాలో 1927లో పుట్టిన శ్రీరామ్ లాగూ పుణె బి.జె. మెడికల్ కాలేజీలో చదివి చెవి, ముక్కు, గొంతు వైద్యుడయ్యారు. కాలేజీ నాటకాలు, తర్వాత ప్రోగ్రెసివ్ డ్రామాటిక్ అసోసియేషన్ నాటకాలు. పై శిక్షణకు కెనడా, ఇంగ్లండు వెళ్లొచ్చారు. ఆఫ్రికాలో టాంజానియాలోని టబోరాలో కూడా వైద్యం చేశారు. నలభై దాటాక, 1969లో, వైద్యం వదిలి పూర్తిస్థాయి నటుడయ్యారు. మరుసటి ఏడాది డిసెంబరులో ‘నటసామ్రాట్’ తెర లేచింది. కుసుమాగ్రజ్ అనే వి.వా.శిర్వాడ్కర్ రాసిన ఆ నాటకంలో లాగూ పాత్ర, ఆస్తంతా పిల్లలకు పంచి వీధినపడ్డ ముసలి నటుడు అప్పాసాహెబ్ బెల్వాల్కర్. అది కూడా ‘కింగ్ లియర్’ ఛాయే.

ఇరవై ఒక్క ఏళ్ల తేడాతో, రెండు భాషల్లో, ఇద్దరు వైద్యులు లియర్ వారసుల్ని మోశారు. ఇది కేవలం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా కొట్టిపారేయబుద్ధి కాదు. పిల్లలు చూడని తల్లిదండ్రులు, మంచం మీదే మాట మాట్లాడే అధికారం పోగొట్టుకున్న పెద్దలు, ఇవి డాక్టరు ప్రతిరోజూ చూసే లియర్లు. వైద్యశాల వరండాలో దొరికే ఆ దుఃఖం రంగస్థలం మీదికి తేవడానికి ఇంతకంటే అర్హులు ఎవరున్నారు?

లాగూ ఒకదాన్ని వదిలితేనే రెండోది దక్కింది. అదే ఊళ్లో రెండింటినీ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. విజయ్ తెండూల్కర్ ‘ఘాశీరామ్ కొత్వాల్’ 1972 డిసెంబరు 16న పుణెలో మొదటిసారి ఆడారు. దర్శకుడు జబ్బార్ పటేల్ పిల్లల వైద్యుడు. నానా ఫడ్నవీస్‌గా నటించిన మోహన్ అగాశే మానసిక వైద్యుడు. ఇద్దరిదీ బి.జె. మెడికల్ కాలేజీయే. నాటకం మీద గొడవలు రేగితే, పాత సంస్థ ప్రోగ్రెసివ్ డ్రామాటిక్ అసోసియేషన్ నుంచి బయటికొచ్చి 1973లో థియేటర్ అకాడమీ పెట్టుకున్నారు. పటేల్ వైద్యం చేసింది దౌండ్‌లో. సికింద్రాబాదు నుంచి పుణె, ముంబై వైపు వెళ్లే తెలుగువాళ్లకు ఆ జంక్షన్ పేరు పరిచితమే. అక్కడ పసిపిల్లలకు మందులిస్తూనే ఆయన పుణెలో నాటకాలు చేయించారు. 1975లో తీసిన ‘సామ్నా’ చిత్రంలో లాగూతో నటింపజేశారు. అంటే డాక్టరు దర్శకత్వంలో డాక్టరు నటన.

పుణె వైద్యుల్లో తెలుగు నేలకు దగ్గరగా వచ్చింది అగాశే. శ్యామ్ బెనెగల్ 1975లో తీసిన ‘నిశాంత్’ తెలంగాణ దొరల ఆగడాల కథ. తిరుమలగిరిలో పుట్టిన బెనెగల్‌కు ఆ గడీల సంగతి తెలియనిది కాదు. బడిపంతులు భార్యను ఎత్తుకుపోయే ఆ దొర కుటుంబంలో అమ్రీష్ పురి పెద్దన్న. తమ్ముళ్లలో ఒకరు అగాశే. పగలు మానసిక వైద్యం పాఠాలు చెప్పే మనిషి తెర మీద ఏ మాత్రం సిగ్గెరగని దౌర్జన్యాన్ని చూపించారు.

అగాశే సాధించింది మాత్రం రెండు పనులూ పక్కపక్కన చేయడం కాదు. ఆయన వాటిని కలిపేశారు. మహారాష్ట్రలో మానసిక ఆరోగ్య సంస్థ నెలకొల్పడానికి పాటుపడ్డారు. 1993 లాతూరు భూకంపంలో అన్నీ పోగొట్టుకున్నవాళ్ల మనోవ్యథ మీద జరిగిన అధ్యయనంలో పాలుపంచుకున్నారు. ఆ తరువాత సుమిత్రా భావే, సునీల్ సుక్థన్‌కర్ తీసిన ‘అస్తు’లో మతిమరుపు జబ్బుతో తనెవరో మరిచిపోతున్న సంస్కృత పండితుడిగా నటించారు. కుంగుబాటు మీద అదే జంట తీసిన ‘కాసవ్’ నిర్మాతల్లో ఒకరయ్యారు. 2016కు జాతీయ ఉత్తమ చిత్రం అదే. రోగి గదిలో ఒక కుటుంబానికి చెప్పే మాటను హాలు నిండా జనానికి చెప్పగలిగారు. ఈ దారిలో ఆయనంత దూరం నడిచినవారు తెలుగులో ఇంకా రాలేదు, రావాలి. మతిమరుపు వచ్చిన తాతను, కుంగుబాటులో ఉన్న కోడలిని ఎలా చూసుకోవాలో చెప్పే కథలు మన ఇళ్లకు ఎంతో అవసరం.

తెలుగులో 1980ల తరువాత డాక్టరు అన్న మాట టైటిల్ కార్డు మీద ఒక గుర్తింపుగా మారింది. తమిళనాడులోని తేని ప్రాంతంనుంచి వచ్చిన డాక్టర్ రాజశేఖర్ ఎం.బి.బి.ఎస్. చదివి 1985లో ‘వందేమాతరం’, ‘ప్రతిఘటన’ చిత్రాల్లో కనిపించారు. 1989 నాటి ‘అంకుశం’ ఆయన్ని కోపిష్టి పోలీసు అధికారిగా స్థిరపరిచింది. తెర మీద వినిపించిన ఆ గర్జన సాయికుమార్‌ది. చిత్తూరు వైపు డాక్టర్ ఎన్.శివప్రసాద్ నాటకం, సినిమా, రాజకీయం మూడూ చేశారు. ‘ప్రేమ తపస్సు’కు దర్శకత్వం వహించి రోజాను తెరకు పరిచయం చేశారు. ‘డేంజర్’లో విలన్‌గా నంది అందుకున్నారు. చిత్తూరు ఎంపీగా ప్రత్యేక హోదా కోసం 2018లో ఒకరోజు నారదుడిగా, ఇంకోరోజు హిట్లర్‌గా పార్లమెంటు ఆవరణలో నిలబడి నిరసన తెలిపారు. రాష్ట్రం గోడు దేశానికి వినిపించడానికి తెలుగు వేషాన్నే సాధనం చేసుకున్నారాయన. 2019లో కన్నుమూశారు.

పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోవడంతో తెనాలి నాటి సౌలభ్యం కొత్త రూపంలో తిరిగొచ్చింది. ఆసుపత్రీ స్టూడియో ఒకే నగరంలో ఉన్నాయి. గుండె వైద్యుడు భరత్ రెడ్డి వంటివారు ఆసుపత్రిని వదలకుండానే సినిమాల్లో కనిపించగలుగుతున్నది ఇందుకే.

ఈ డాక్టర్ల వరుసలో ఇంతవరకు ఒక్క స్త్రీ పేరు లేకపోవడం గమనించే ఉంటారు. దానికి కారణం ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీనుంచి 1912లో పట్టా పుచ్చుకున్న ముత్తులక్ష్మీరెడ్డి తల్లి దేవదాసీ కుటుంబానికి చెందినవారు. ఆ తరం కళాకుటుంబాల ఆడపిల్లకు వైద్య విద్య అంటే గజ్జె కట్టనవసరం లేని బతుకు. డాక్టరు పట్టా, రంగస్థలం ఎదురెదురు దారులు. ముత్తులక్ష్మి శాసనమండలిలో పోరాడి తెచ్చిన దేవదాసీ చట్టం వల్ల తెలుగు జిల్లాల కళావంతుల జీవితాలూ మారిపోయాయి. మగ డాక్టరు నాటకమాడితే ఊరు ముచ్చటపడింది. అదే పని ఆడ డాక్టరు చేసుంటే ఆమె దగ్గరికి రోగులు వచ్చేవారా? ఈ ప్రశ్న మొత్తం ఒక శతాబ్దాన్ని మింగేసింది.

అది మన కళ్ల ముందే మారింది. సాయిపల్లవి జార్జియాలోని టిబిలిసిలో వైద్యం చదువుతుండగానే ఆమె నటించిన మలయాళ చిత్రం ‘ప్రేమమ్’ 2015లో విడుదలైంది. చదువు ముగించుకుని 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతిగా వచ్చారు. ఆ కథలో మెడిసిన్ చదువుతున్నది హీరో, నిజంగా చదివొచ్చింది హీరోయిన్. రూపా కొడువాయూర్, శ్రీలీల వంటివాళ్లూ వైద్య విద్యతోనే తెరమీదికొచ్చారు. విదేశాల్లో చదివినవారు మన దేశంలో వైద్యం చేయాలంటే ఇక్కడ పరీక్ష రాయాలి. కరోనా నడుస్తున్న 2020లో, మూడు భాషల ప్రేక్షకులకు తెలిసిన ముఖంతో, సాయిపల్లవి తిరుచిరాపల్లిలో తోటి అభ్యర్థులతో కలిసి కూర్చుని ఆ పరీక్ష రాశారు.